ఒడ్డెక్కిన బోయా

ఇంజనీరు పద్మకుమారికి ఒక తుఫాను కావాలి. పైకి అనగలిగే మాట కాదు కనుక రోజూ వాతావరణ వార్తలు చూసి నిట్టూర్చేది. సముద్రంలో కట్టబోయే జెట్టీ నిలవాలంటే, నూరేళ్లకోసారి వచ్చే అల ఎంత ఎత్తుంటుందో ముందే అంచనా కట్టాలి. నూరేళ్లు ఆగే ఓపిక ఏ ఆఫీసుకుంటుంది? అందుకే శ్రీకాకుళం తీరాన భావనపాడు ఎదుట సముద్రంలో ఒక పసుపు బోయాను లంగరు వేయించింది. తేలుతూ అలల ఎత్తు నమోదు చేయడం దాని పని. రెండేళ్లుగా దానికి దొరికినవన్నీ పెళ్లిచూపుల్లో కూర్చున్నంత బుద్ధిగా ఉన్న అలలే. ఒక్క పెద్ద తుఫాను పడకపోతే ఆమె అంచనా గాల్లో దీపమే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను రానే వచ్చింది. విశాఖలో పద్మకుమారి లోలోపల సంబరపడింది, సిగ్గుపడింది, మళ్లీ సంబరపడింది.

దారులు తెరుచుకోగానే భావనపాడు వెళ్లింది. బోయా ఎల్లాజీ అనే జాలరి ఇంటి ముందు కొబ్బరిమొద్దుకు కట్టేసి ఉంది. ఇంటికి కప్పు లేదు.

"గీత కూడా పడనేదు, సూసుకోమ్మా," అన్నాడు ఎల్లాజీ గర్వంగా. "తుఫానని మైకులో సెప్పగానే తాడు కోసి ఈడ్సుకొచ్చీసినాం."

గాలివాన కబురొస్తే సముద్రంలో ఎవరి సామాను కనబడినా ఒడ్డుకు చేర్చడం ఆ ఊరి రివాజు. తనదా, పరాయిదా అని చూడరు.

పద్మకుమారి లాప్‌టాప్ తెరిచింది. తుఫాను తీరం దాటిన వేళ అల ఎత్తు: సున్నా. ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఎవరు ముట్టుకోమన్నారు? అది ఉన్నదే తుఫానులో ఉండటానికి!"

"ఏటమ్మా అలగంతావు? తుఫానులో ఎవులైనా ఉంతారా?"

ఆయన భార్య లక్ష్మణమ్మ మెల్లగా అంది: "దీన్ని లాగీసరికి పొద్దుపోనాది తల్లీ. మా బోటు పైకెక్కించనేకపోనాం. అలట్టుకుపోనాది."

పద్మకుమారి లాప్‌టాప్ మూసేసింది. అంతలో ఫోను మోగింది. విశాఖ నుంచి పై ఆఫీసరు ధనరాజు. ఆమె దూరంగా నడిచింది.

"బోయా ఒడ్డున ఉందట! ఎవరు లాగారు? కేసు పెట్టించు."

"ఎవరూ లాగలేదు సార్. లంగరు తెగి కొట్టుకొచ్చింది."

"ఆ లంగరు కట్టించింది నువ్వే కదా? రెండేళ్లు నిలిచే తాడు చూసుకోలేనిదానివి, నూరేళ్ల అలేం చెబుతావమ్మా?"

ఆమె తిరిగొచ్చేసరికి ఎల్లాజీ బోయా మీది ఇసుక తువ్వాలుతో తుడుస్తున్నాడు.

"ఏటన్నారమ్మా మీ సారు? మెచ్చుకున్నారా?"

"మెచ్చుకున్నారు," అంది పద్మకుమారి.