క్రిస్మస్ చొక్కా

చార్మినార్ ముందు నిలబడి మా అవ్వ తల పైకెత్తి చూసింది.

"గింతేనాయే? పోరడు పంపిన ఫోటోల మస్తు పెద్దగ ఉండె" అంది.

"కింద కూసొని తీసిండ్రు గావచ్చు, అవ్వా" అన్నాను.

మాది కంగ్టి దగ్గరి పల్లె. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం; పేరు అక్కమ్మ. నలభై ఏడేళ్ల వయసులో ఆమె హైదరాబాదుకు రావడం ఇదే మొదటిసారి. ఆ శనివారం పొద్దున్నే నారాయణఖేడ్‌లో బస్సెక్కినప్పటి నుంచి ఆమె ఒళ్లో సంచి దిగలేదు. సంచిలో స్టీలు డబ్బా, అందులో జొన్నరొట్టెలు, పల్లికారం. అవన్నీ మా అన్న తిమోతికి. మేం వచ్చిందే అన్నను వెతకడానికి. కానీ అవ్వ ఆ మాట పైకి అననివ్వలేదు. ఊళ్లో ఎవరడిగినా, "పట్నం జూడవోతున్నం" అనే చెప్పింది.

అన్న నాలుగేళ్లుగా పట్నంలో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. స్లాబు పోసేముందు కింద చెక్కలూ రేకులూ బిగించే పని. సిర్గాపూర్ యేసుబాబు, "నేను తోల్కపోత, నేనే తోల్కొస్త పెద్దమ్మా" అని మాటిచ్చి తీసుకెళ్లాడు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. పోయిన క్రిస్మస్‌కు అన్న ఇంటికి వచ్చి, పండుగ అయ్యాక మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పని అలసట అనుకున్నాం. కొత్త సంవత్సరం ఆరాధన కాగానే వెళ్లిపోయాడు.

జనవరి మూడో వారం దాటాక ఫోన్ చేయడం మానేశాడు. ఫోన్‌లో మైకు ఖరాబైందని మెసేజ్ వచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక ఫోటో వచ్చేది. ఒకసారి గోల్కొండ మెట్ల మీద, ఒకసారి చార్మినార్ ముందు, ఒకసారి జూపార్కు గేటు దగ్గర, ఒకసారి మ్యూజియంలో తెల్లరాతి బొమ్మ పక్కన. కింద ఒక్కటే మాట: "మంచిగున్న."

ఫోటో వచ్చిన మరుసటి ఆదివారం, మా చర్చి గుడిలో, దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పుకునే సాక్ష్యాల వేళ అవ్వ లేచి నిలబడేది. నా ఫోన్ పైకెత్తి, "నా కొడుకును దేవుడు పట్నంల సల్లగ జూస్తుండు, స్తోత్రం" అనేది. ఆడవాళ్లు మెడలు చాచి చూసేవాళ్లు.

"నీ కొడుకు పనిజేస్తుండా, పట్నమంత తిరుగుతుండా అక్కా?" అని సలోమి చిన్నమ్మ ఒకసారి ఎత్తిపొడిచింది.

"ఆరు దినాలు పని, ఏడోనాడు తిరుగుడు. దేవుడే జెప్పిండు గదనే" అని అవ్వ నోరు మూయించింది.

ప్రతి ఫోటోలోనూ అన్న ఒకటే చొక్కాలో ఉన్నాడు. క్రిస్మస్‌కు ఖేడ్‌లో కుట్టించిన ముదురాకుపచ్చ చొక్కా. ఎవరికీ అనుమానం రాలేదు. మా దగ్గర క్రిస్మస్ బట్టలే ఏడాది పొడవునా ఆదివారం బట్టలు. ఉతికి మడతపెట్టి పెట్టెలో దాచి, మళ్లీ గుడికి వెళ్లేటప్పుడే తీస్తాం. అందుకే ఆ చొక్కా చూసి అవ్వ మురిసిపోయింది. "పట్నం వోయినా ఆదివారం బట్ట మర్వలే. గుడికి వోతుండన్నట్టు."

పదకొండో ఫోటో ఈస్టరు నాడు వచ్చింది. తర్వాత రెండు ఆదివారాలు ఏమీ రాలేదు. అన్న ఫోన్ పూర్తిగా బందైంది. యేసుబాబుకు చేస్తే, "డ్యూటీల ఉన్నడు పెద్దమ్మా" అన్నాడు. మళ్లీ చేస్తే మళ్లీ అదే మాట. మూడోసారి చేసి, మేమే వస్తున్నామని చెప్పాను. ఏ బస్సుకు వస్తారని అతను అడిగాడు. తర్వాత, "మ్యూజియం కాడికి రండ్రి. పన్నెండు గొట్టంగ గడియారం కాడ ఉంట" అన్నాడు. తాను ఉంటానన్నాడు గాని, అన్నను తీసుకొస్తాననలేదు. అది నేను గమనించాను. అవ్వకు చెప్పలేదు.

చార్మినార్ దగ్గర, ఫోటోలో అన్న నిలబడ్డ చోటు వెతుక్కుని అవ్వ అక్కడే నిలబడింది. గాజుల బండి అతనికి ఫోటో చూపించి, "గీ పోరన్ని జూసినవా నాయనా?" అని అడిగింది.

"దినాం వెయ్యిమంది దిగుతరమ్మా ఫోటోలు. గాజులు జూస్తవా?"

సాలార్‌జంగ్ మ్యూజియం గేటులో కాపలా అతను డబ్బా లోపలికి తేవద్దన్నాడు.

"నా కొడుకు తినేవి" అంది అవ్వ.

"మీ కొడుకువైనా, నవాబువైనా, లోపలికి పోవమ్మా. టోకెన్ తీస్కో."

లోపల ఒక గదిలో తెల్లరాతి బొమ్మ ఉంది. తల మీది ముసుగు కూడా రాయే, కానీ ముసుగు వెనక మొహం కనిపిస్తుంది. బోర్డు చదివి, "రిబ్కా అంట అవ్వా" అన్నాను.

"బైబిల్ల ఇసాకు పెండ్లాము రిబ్కనా?" ఆ రోజంతటిలో అవ్వ నవ్వింది అప్పుడొక్కసారే. "ఆయన ఎదురొస్తుంటే ఒంటె దిగి ముసుగేస్కున్నది. మనామెను ఈడ నిలవెట్టిండ్రా! పిల్లగాడు అందుకే ఈడ దిగిండు ఫోటో. నన్ను గుడ దియ్యి."

అన్న సరిగ్గా ఎక్కడ నిలబడ్డాడో చూద్దామని అతని ఫోటో తెరిచి, వేళ్లతో పెద్దది చేశాను. ఎడమ బొటనవేలికి ఎర్ర టేపు చుట్టి ఉంది, కరెంటు తీగలకు చుట్టేది. దాని కొస ఒకటి ఊడి వేలాడుతోంది. చార్మినార్ ఫోటో తెరిచాను. అదే టేపు, అదే కొస. గోల్కొండలోనూ అంతే. ఫిబ్రవరిలో వచ్చినదాంట్లోనూ, ఈస్టరు నాడు వచ్చినదాంట్లోనూ అంతే. చెక్కలు మోసే చేతికి టేపు రెండు రోజులు నిలవదు.

"దీసినవా లేదా? కాళ్లు గుంజుతున్నయి" అంది అవ్వ.

తీశాను. అందులో ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది.

గడియారం ముందు కుర్చీలు నిండిపోయాయి. గంట కొట్టడానికి చిన్న బొమ్మ ఒకటి బయటికి వస్తుందట, దాని కోసం అందరూ ఎదురుచూస్తున్నారు. అవ్వ మాత్రం తలుపు వైపు తిరిగి కూర్చుంది. యేసుబాబు ఒక్కడే వచ్చాడు, చేతిలో ప్లాస్టిక్ కవరు. అవ్వ అతని వెనక ఇంకొకరి కోసం చూసింది.

"ఆడేడి?"

యేసుబాబు ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.  నేనే అడిగాను.

"అన్నా, ఫోటోలన్ని ఒక్కదినమే దీసినవు గదా?"

తలూపాడు. "జనవరి మూడో ఆదివారం. నాలుగేండ్లు ఇండ్లే గట్టినం, ఊరు జూడలే, ఒక్కదినం జూద్దాం పా అన్నడు. పొద్దుగూకేదాంక తిరిగినం. తెల్లారి లేసి జూస్తే లేడు. ఫోన్ తల వెట్టే మెత్త కింద వెట్టిండు. చొక్కా మడతవెట్టిండు."

"నాకెందుకు జెప్పలే?" అంది అవ్వ. గొంతు మామూలుగానే ఉంది.

"ఠాణాల రాసిచ్చిన. దవాఖానలన్ని తిరిగిన. శవాల గదులు గుడ జూసిన పెద్దమ్మా, ఏడ లేడు. నీకు మాటిచ్చిన గదా, ఏ మొకం వెట్టుకొని జెప్పాలె? వారానికొక్కటి పంపిన. ఫోటోలు ఒడిసేలోపల దొరుకుతడనుకున్న."

అప్పుడే గంటలు మోగాయి. చుట్టూ ఫోన్లన్నీ ఒక్కసారి పైకి లేచాయి. పిల్లలు బిగ్గరగా లెక్కపెట్టారు. పన్నెండూ అయ్యేదాకా అవ్వ కదల్లేదు.

"ఏమన్న అన్నడా?"

"ఏమనలే. ఆఖరికి ట్యాంక్‌బండ్ మీద కూసున్నం. నీళ్ల దిక్కే జూసిండు. ఫోటో దీస్తంటే వద్దన్నడు."

కవరులోంచి అవ్వ చొక్కా తీసింది. కాలరు మీద ఇంకా మురికి ఉంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ అవే మడతల మీద మడిచింది.

గేటు దగ్గర టోకెన్ ఇచ్చి డబ్బా తీసుకుంది. మూత తీసి యేసుబాబు ముందు పెట్టింది. "తిను. నువ్వు గుడ సగమైనవు." అతను రొట్టె తుంచి చేతిలో పట్టుకున్నాడు గాని, నోట్లో పెట్టుకోలేకపోయాడు.

"గా నీళ్లకాడికి తోల్కపో" అంది.

ట్యాంక్‌బండ్ మీద ఎండ మండుతోంది. నీళ్ల నడుమ బుద్ధుడు, అటువైపు పడవలు. అవ్వ గట్టు మీది ఇనుప కమ్మీలు పట్టుకుని చూసింది. మెడలో కెమెరా వేసుకున్న ఒకతను వచ్చి, "ఫోటో అమ్మా? వెనక బుద్ధుడొస్తడు, ఐదు నిమిషాలల్ల చేతికిస్త" అన్నాడు. అవ్వ వినలేదు. అతను నా వైపు చూశాడు. నేను వద్దని తలూపాను.

"గీ నీళ్లల్ల..." అని అవ్వ అడగబోయి ఆపేసింది. యేసుబాబు దూరంగా వెళ్లి మాకు వీపు తిప్పి నిలబడ్డాడు. సాయంత్రం బస్సుకు ఊరికి బయల్దేరాం.

మరునాడు ఆదివారం. అవ్వ గుడికి రాదనుకున్నాను. నాకంటే ముందే తయారైంది. పాస్టరుగారు, "సాక్ష్యాలున్నోళ్లు లేవుండ్రి" అన్నారు. అవ్వ లేచింది. ఈసారి ఆమె చేతిలో ఫోన్ లేదు, నా ఒళ్లో ఉంది.

"నా కొడుకును" అంది. ఆగింది. గుడంతా ఎదురుచూసింది. "నా కొడుకును దేవుడు పట్నంల సల్లగ జూస్తుండు."

"స్తోత్రం" అన్నారందరూ.

అవ్వ కూర్చుని కళ్లు మూసుకుంది. "రెండు వారాలాయె, ఫోటోనే సూపియ్యకపోతిరి. ఏది, సూడనియ్యి బిడ్డా" అంటూ సలోమి చిన్నమ్మ నా ముందుకు చెయ్యి చాపింది.

నేను ఫోన్ తెరిచి, ఆ పదకొండు ఫోటోల్లో అందరూ మరిచిపోయినది ఏదైనా ఉందేమోనని వెతకసాగాను.