వాసనొచ్చిన టైరు

కళింగపట్నంలో గోవింద్ సైకిలు వెనక టైరు పేలిన రోజున, ఆ చప్పుడికి పడవల మీది కాకులన్నీ లేచి ఒరిస్సా దాకా వెళ్లిపోయాయి. అప్పటికే దానికి ఎన్ని అతుకులంటే, పేలింది టైరు కాదు, అతుకులే.

పొద్దున్నే చేపల గంప వెనక కట్టుకుని నరసన్నపేట వైపు పల్లెల్లో తిరిగి అమ్ముకోవడం గోవింద్ బతుకు. సైకిలు మూలపడ్డ మర్నాడే అతని బావ, అంటే భార్య దేవికి సొంత అన్న ఉమాశంకర్, మోపెడ్ వేసుకుని ఆ పల్లెల్లోకి దిగాడు. ఉమాశంకర్ చేపలు ఐసులో ఎంతకాలంగా ఉన్నాయంటే, కొన్నింటికి ఓటు హక్కు వచ్చే వయసు దాటిపోయింది. అయినా జనం మొహం చిట్లించుకుంటూనే కొంటున్నారని కబురు. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే ఆ ఊళ్లలో గోవింద్‌ని గుర్తుపట్టేవాళ్లుండరు.

నరసన్నపేటలో సైకిలు షాపులన్నీ గేరు సైకిళ్ల షాపులైపోయాయి. పాత ఇనప సైకిలుకి టైరు కావాలంటే ఒకాయన అతన్ని ఎగాదిగా చూసి, మ్యూజియంలో అడగమన్నాడు. చేసేది లేక దేవి ఫోనులో ఆర్డరు పెట్టింది.

మొదట బెల్లు వచ్చింది. ఫోను చేస్తే ఎవరో అమ్మాయి పుస్తకాల తెలుగులో చాలాసేపు చింతించి, ఈసారి టైరే పంపిస్తామంది. ఆ పార్సిలు శ్రీకాకుళం దాకా వచ్చి, ఊరు నచ్చలేదు కాబోలు, హైదరాబాదు వెళ్లిపోయి, అక్కడా మనసు నిలవక మళ్లీ బయల్దేరింది. రోజూ ఫోనులో దాని యాత్రలు చూసి చూసి గోవింద్‌కి ఒళ్లు మండిపోయింది. ఈ టైరుకి సైకిలెందుకు, తనే దేశమంతా దొర్లుతోంది కదా అనుకున్నాడు.

తీరా వస్తే అది చంటిపిల్లల మూడు చక్రాల బండిది. తొడుక్కుని చూస్తే మోచేతి దగ్గర కడియంలా పట్టేసింది. చేపలు కడుగుతున్న చేతుల్తోనే దాన్ని ఊడలాగి, ఛీ అని ఉమ్మి, తీసుకెళ్లి ఎండుచేపల బుట్ట పైనున్న మేకుకి తగిలించాడు.

మళ్లీ ఫోను, మళ్లీ చింతించడం. చివరికి మార్చి ఇవ్వడానికి పృథ్వీరాజ్ అనే కుర్రాడు బండి మీద వచ్చాడు. అతని సంచిలో అసలు సైజు టైరుంది. గోవింద్ దాని అట్ట మీద అంకె చదివి, కొత్త పెళ్లికొడుకులా ముసిముసిగా నవ్వాడు. కానీ కంపెనీ రూలేమిటంటే, తిరిగిచ్చేది పరీక్షలో నెగ్గితేనే కొత్తది చేతికిస్తారు.

పృథ్వీరాజ్ చిన్న టైరుని దగ్గరికి తీసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అన్నా, ఇది వాడేసినారు. నేను తీసుకోను."

"దీన్నేటి వాడతాన్రా తమ్ముడూ, సెవికెట్టుకుంతానా?"

"సేపల వాసనొస్తన్నాది."

గోవింద్ పీల్చి చూశాడు. ఏ వాసనా లేదు. దేవి చూసింది. లేదు. పక్కింటి ముసలమ్మ ప్రత్యేకంగా వచ్చి గుండెల నిండా పీల్చి, కొత్త రబ్బరు వాసనేనని తేల్చింది. ఆ వీధిలో వాళ్లకి తెలిసిన కంపు ఒక్కటే, పృథ్వీరాజ్ పూసుకొచ్చిన సెంటు. దానికి అప్పటికే ఇద్దరు ముక్కు మూసుకుని నిలబడ్డారు.

కుర్రాడు ఫోనులో వాడిన వస్తువని కొట్టేసి, పెద్ద టైరుని సంచిలోకి దించబోయాడు. గోవింద్‌కి ఉమాశంకర్ మోపెడ్ హారను చెవుల్లో మోగినట్టయింది. గొంతు తగ్గించి, ఇదీ తప్పు సైజైతే మళ్లీ నీకే కదా తిరుగుడు, ఒక్కసారి కొలిచి ఇచ్చేస్తానని బతిమాలాడు. పృథ్వీరాజ్ మెత్తబడి చేతికిచ్చాడు.

గోవింద్ అట్ట చింపి, టైరు మెడలో వేసుకుని కొలిచాడు. గుండెకి హత్తుకుని కొలిచాడు. పొద్దున్న కోసిన కవళ్ల చేపల గంప చుట్టూ తొడిగి, నెమ్మదిగా తిప్పుతూ కొలిచాడు. సముద్రాన్నయినా అంత శ్రద్ధగా ఎవరూ కొలిచి ఉండరు. తర్వాత రెండు చేతుల్తోనూ మర్యాదగా తిరిగి అందించాడు.

"సరిపోయింది తమ్ముడూ. ఇంక ఎత్తుకెల్లిపో."

పృథ్వీరాజ్ వాసన చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏటి సేసినావన్నా?"

"కొలిసినాను."

"ఇదట్టుకెల్తే ఆఫీసులో నన్ను తంతారు."

"అయితే ఇదీ వాడేసిందే. రెండింట్లో ఏది తక్కువ కంపో సూసుకుని అదే అట్టుకెల్లు."

కుర్రాడు ఒకదాని తర్వాత ఒకటి, మామిడిపళ్లు ఏరుకునేవాడిలా చాలాసేపు వాసన చూశాడు. పెద్దదాని ముందు చిన్నది మల్లెపువ్వు. ఫోనులో రాసింది చెరిపేసి, వస్తువు బాగుందని కొట్టి, చిన్న టైరుని రెండు వేళ్లతో పట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు గోవింద్ గంప కట్టుకుని, పల్లెలో తన పాత బేరం దానమ్మ గుమ్మంలో దిగాడు. ఆవిడ కవళ్లని ఎత్తి చూసింది, మూతి తిప్పింది.

"ఏట్రా, వాసనే రావట్నేదు? మీ బావ సేపలైతే ఈదిసివరకి తెలుస్తాయి."

గోవింద్ గంప దింపి, కత్తిపీట అడిగి తనే చేపలు కోసి ఇచ్చాడు.

"వొండు," అని అరుగు మీద చతికిలబడ్డాడు. "నువ్వు తిని సెప్పినదాకా నేనిక్కణ్ణించి లెగను."