ఖాళీ గడిలో పాత పవర్

ఆ కళ్లద్దాల షాపులో యంత్రం తప్పు చేయదు. ఇది చిట్టి వాళ్ల నాన్న మాట. నిరుడు దాకా కంప్యూటర్ పేరెత్తితే కస్సుమనే మనిషి, కోడలు షాపు కోసం స్వయంగా ప్రోగ్రాం రాసిపెట్టాక నిలువునా అటు తిరిగిపోయాడు. ముందు గదిలో ఎవరో మీట నొక్కితే వెనక అద్దాలు కోసే గదిలో తన పక్కనున్న ప్రింటర్లోంచి చీటీ రావడం ఆయనకి ఓ పండగ. వచ్చిన ప్రతి చీటీనీ మనవడి ఫొటోలా చూసుకునేవాడు. మరి యంత్రం తప్పు చేయదు కాబట్టి, వారం తిరక్కుండా ముగ్గురు కొత్త కళ్లజోళ్లు వెనక్కి తెచ్చినప్పుడు తప్పు మనిషిదే అయ్యుండాలి. ఆ మనిషి చిట్టి.

కళ్లు పరీక్ష చేసేది చిట్టే. ఆ చదువు చదివి, నాన్న మోకాళ్లు మొరాయించాక ఆయన స్థానంలో పరీక్ష గదిలోకి వచ్చింది. వెనక్కి వచ్చినవాళ్లలో ఒకాయన బస్సు డ్రైవరు.

"ఎదురుగా వచ్చే బండి రెండు బళ్లలా కనిపిస్తోందమ్మా. ఏ బండిని తప్పించమంటావు?" అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు గానీ చిట్టి ఆ జోడు ఆయనకి తిరిగి ఇవ్వలేదు. తర్వాత పాటల టీచరు తలనొప్పి అంటూ వచ్చింది. ఆ వెనకే బట్టలు కుట్టే ఆవిడ, పాత జోడే నయం అంటూ వచ్చింది.

నాన్న కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. ఎవరికో ఫోన్ చేసి మాట్లాడి, భోజనాల దగ్గర గ్లాసులోకి చూస్తూ చెప్పాడు.

"సోమవారం నుంచి పరీక్షకి ఒకాయన వస్తాడు. నువ్వు కొన్నాళ్లు కౌంటర్లో అన్నయ్యకి సాయంగా ఉండు."

ఆ ఇంట్లో కొన్నాళ్లు అంటే ఎన్నాళ్లో అందరికీ తెలుసు. అటక మీదున్న కుట్టుమిషను కూడా కొన్నాళ్లకని ఎక్కిందే. చిట్టికి అన్నం సయించలేదు. ఫ్రేములు తుడవడం తప్పని కాదు, ఆ చీకటి గదీ, గోడ మీది అక్షరాలూ, ఇదా అదా అని అడుగుతుంటే ఎదుటి మనిషి చూపు మెల్లగా తేటపడటమూ, అదే ఆమె బతుకు. అది పోతే ఇంకేం మిగులుతుంది?

ఆ కోపం వదిన మీదికి మళ్లింది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, తండ్రిని ఏమీ అనలేనప్పుడు వదినే గతి. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు గానీ పాపం చిట్టికి ఆ పెత్తనం చేసే అదృష్టం ఎప్పుడూ పట్టలేదు. వదిన గొడవకి దొరకదు. ఏదైనా అంటే కాసేపు ఆలోచించి, "నువ్వు చెప్పింది నిజమే" అనేస్తుంది. అలాంటి మనిషితో ఎవరు మాత్రం ఏం పోట్లాడతారు?

శనివారం మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరేసి ఉండగా వదిన పరీక్ష గదిలోకి వచ్చింది.

"చిట్టీ, ఓసారి కూర్చుని ఆ రోజు డ్రైవరు గారి పవర్లు మళ్లీ ఎక్కించవూ?"

"ఎందుకు వదినా, నా తప్పు నాకే చూపించడానికా?"

"కాదు. నీ చెయ్యి చూడాలి. ఎలా చేస్తావో చెప్పద్దు, రోజూ ఎలా చేస్తావో అలాగే చేసెయ్."

"నీ ప్రోగ్రాంని ఎవరూ ఏమీ అనలేదు కదా."

"అందుకే చూస్తున్నా. ఎవరూ అనలేదు, ఎవరూ చూడలేదు."

చిట్టి విసుగ్గానే కూర్చుంది. ఆ రోజు డ్రైవరుకి ముందు వచ్చినాయన పవర్లతో మొదలుపెట్టమంది వదిన. తెర మీద పవర్ల విండో తెరుచుకుంది. మామూలు పవర్‌కి ఒక గడి, సిలిండర్‌కి ఒక గడి. సిలిండర్ అంటే కొన్ని కళ్లకే కావలసిన పవర్, కనుగుడ్డు వంపు సమంగా లేనివాళ్లకి ఇచ్చేది. మొదటాయనకి అది ఉంది. చిట్టి నింపి ప్రింట్ నొక్కింది. విండో మాయమైంది. మళ్లీ డ్రైవరు కోసం తెరిచింది. గడులన్నీ శుభ్రంగా ఖాళీగా ఉన్నాయి. డ్రైవరుకి సిలిండర్ లేదు. చిట్టి ఆ గడి మీదుగా దాటి కిందికి వెళ్లింది.

"ఆగు!" అంది వదిన. "సున్నా కొట్టవా అక్కడ?"

"లేనిదాన్ని రాయకూడదు కదా."

"ఎవరు చెప్పారు?"

ఎవరు చెప్పడమేమిటి, ఆ షాపులో అది పుట్టుమచ్చలాంటి నియమం. చీటీలు చేత్తో రాసే కాలంలో నాన్న పెట్టాడు. అద్దాలు కోసే చేతుల తడి తగిలి సున్నా ఆరు అయి కూర్చునేది. అందుకని లేకపోతే ఖాళీగా వదలాలి, అంతే. చిట్టి అక్షరాలతో పాటు నేర్చుకుందది.

వదిన ముఖం మారిపోయింది. "ప్రింట్ నొక్కు" అంది. లేచి వెనక గదిలోకి పరుగెత్తి, చీటీ పట్టుకుని వచ్చింది. డ్రైవరు చీటీలో సిలిండర్ ఉంది. ముందాయనది.

చిట్టి తెర వంకా చీటీ వంకా మార్చి మార్చి చూసింది. ఆ గడిని తను ఖాళీగానే వదిలింది.

"ఇదేం మాయ వదినా?"

"మాయ కాదు, నా బద్ధకం. మామయ్య దగ్గర ఒక్కో జోడుకీ ఒక్కో ట్రే ఉంటుంది చూడు, ఈ విండో అలాంటి ట్రే అనుకో. ఒక్కో మనిషికీ కొత్త విండో చేయడం దండగని, ఉన్నదాన్నే దాచి మళ్లీ చూపిస్తున్నా. ట్రే కడిగాను, గడులన్నీ తుడిచాను. కానీ లోపల లెక్కకి వాడే విలువ ఉంటుందే, దాన్ని ట్రేలో పెట్టలేదు, బల్ల మీద పెట్టాను. ప్రింట్ చేసే విండోకి కూడా అందుతుందని. ట్రే మారినా బల్ల మీది సామాను బల్ల మీదే ఉంటుందిగా? నువ్వు గడిలో ఏదైనా కొడితే పాతది పోతుంది. ఏమీ కొట్టకపోతే అదే పడుంటుంది."

"ఇన్నాళ్లూ బయటపడలేదేం?"

"సిలిండర్ ఉన్నాయన వెనకే లేనాయన రావాలి, మధ్యలో ప్రోగ్రాం మూయకూడదు. పైగా నేను సరిచూసుకున్నప్పుడల్లా సున్నా కొట్టాను. కొట్టనివాళ్లు ఉంటారని తోచనే లేదు."

"అంటే నేను సున్నా కొట్టుంటే..." అంది చిట్టి.

"నువ్వెందుకు కొట్టాలి? ఖాళీ అంటే ఖాళీ. అది తెలుసుకోవలసింది విండో. తప్పు నాది, నీది కాదు."

అని అక్కడే కూర్చుని సరిచేయడం మొదలుపెట్టింది. చిట్టి వెనక నిలబడి చూసింది. వదిన పెద్దగా ఏమీ రాయలేదు, తీసేసిందే ఎక్కువ. పైనెక్కడో అందరికీ కనబడేలా ఉన్న విలువల పేర్లను కిందికి తెచ్చి విండో లోపలే పెట్టింది. ఇక ప్రతి మనిషికీ విండో కొత్తగా పుడుతుందట, తనవి తను తెచ్చుకుని, పోతూ తనతోనే తీసుకుపోతుందట. ప్రింట్ చేసే విండోకి ఏం కావాలో అది మాత్రం చేతికిచ్చి పంపుతుందట. చిట్టికి అందులో అక్షరం ముక్క అర్థం కాకపోయినా, ఆ వేళ్లలో తొందర గానీ దాపరికం గానీ లేకపోవడం మాత్రం కంటికి కనబడింది. ఎవరూ అడగని తప్పుని పనిగట్టుకుని వెతికి, దొరికితే ఇలా మురిసే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు. ఇన్నాళ్లూ ఈ మనిషితో పోట్లాటకి కారణం వెతికానా అని సిగ్గేసింది.

పాటల టీచరు సంగతీ అంతే అని తేలింది. మిగిలింది బట్టలు కుట్టే ఆవిడ. వదిన పాత వివరాలు తెరిచి చాలాసేపు చూసింది.

"ఇది మాత్రం అంతుపట్టడం లేదు. ఆ రోజు ఈవిడకి ముందు వచ్చినవాళ్లెవరికీ సిలిండరే లేదు. ఎక్కించిందే చీటీలో వచ్చింది."

చిట్టి వంగి చూసింది. కుడి కంటికి ఎక్కువ పవర్, ఎడమ కంటికి తక్కువ. కానీ ఆవిడ సూదిలో దారం ఎక్కించడానికి ఎడమ కన్ను మూసుకుంటానని కబుర్లలో చెప్పింది. మసక ఎడమ కంటికే. ఎదురుగా కూర్చున్న మనిషి ఎడమ, మనకి కుడి పక్కన ఉంటుంది. కబుర్లలో పడి చిట్టి రెండు కళ్లూ తారుమారు చేసింది. నేర్చుకునే రోజుల్లో ఎవరైనా మొదట చేసే తప్పు.

చిట్టి ఫ్రేములు తుడిచే గుడ్డ అందుకుని కౌంటర్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం షాపు తెరవకముందే వదిన వెనక గదిలో అందరి ముందూ చెప్పేసింది. డ్రైవరు చీటీ, టీచరు చీటీ మామగారి చేతిలో పెట్టి, ట్రే సంగతీ బల్ల సంగతీ వివరించింది. "ఈ రెండూ నావి మామయ్యా. చిట్టి సరిగ్గానే కొలిచింది. మార్చేశాను, మళ్లీ రాదు. ఆ జోళ్లకి కొత్త అద్దాలు మనమే వేసిద్దాం."

నాన్న కాసేపు ప్రింటర్ వైపు నమ్మకద్రోహిని చూసినట్టు చూశాడు. తర్వాత ఆయన ముఖం విప్పారింది. కూతురు తప్పు చేయలేదంటే ఏ తండ్రికి చేదు?

"మూడోదీ అదే అయ్యుంటుందిలే. పోనీ, వదిలెయ్."

"లేదు మామయ్యా, అది నాకు దొరకలేదు. దొరకనిదాన్ని నాదని ఎలా అనను? రేపు మొదటినుంచీ అంతా వెతుకుతాను."

రేపు ఆదివారం. లేని తప్పు కోసం వదిన పొద్దస్తమానం తన పనినే అనుమానిస్తూ కూర్చుంటుంది. చిట్టి మాట్లాడకపోతే చాలు, గది తనదే. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ పిడికెడు కూడా పంచుకోనక్కర్లేదు, మొత్తం వదిన ఖాతాలోనే పోతుంది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

"వెతక్కు వదినా," అంది చిట్టి. "అది నాది. కుడీ ఎడమా మార్చేశాను నాన్నా. కబుర్లలో పడ్డాను."

అన్నయ్య తుడుస్తున్న ఫ్రేము చేతిలోనే ఆగిపోయింది. వదిన మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, "అమ్మయ్య, దొరికింది" అంది, ఎవరిదో పోయిన వస్తువు దొరికినట్టు.

నాన్న ఎవరి వంకా చూడలేదు. చీటీలు రెండూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆయనకి ఫోన్ చేసి, సోమవారం రానక్కర్లేదని చెప్పు" అని కొడుకుతో అన్నాడు. మోకాళ్ల మీద చేతులాన్చి లేచి, మెల్లగా పరీక్ష గదిలోకి వెళ్లాడు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, కస్టమర్లు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో ఆయన కూర్చోవడం ఎవరూ ఎరగరు. తన కళ్లు ఇంకొకరి చేతికి ఇవ్వని మనిషి.

"రా, నావీ చూడు. కొంతకాలంగా అన్నీ మసగ్గా ఉన్నాయి, చెప్పలేదు."

చిట్టి కళ్లు తుడుచుకుంది. ఎదురుగా వెళ్లి, ఆయన కుడి భుజం మీద చెయ్యి వేసింది.

"ఈ పక్క కన్నుతో మొదలుపెడదాం నాన్నా" అంది.