గడువు దాటిన నాలుగో రోజు

ఎర్నెస్టీన్ మామ్మను ఓటు వెయ్యనివ్వలేదు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో మా వీధి బడి జిమ్‌లో, పోలింగ్ బల్ల ముందు, ఒక జూన్ మంగళవారం పొద్దున్నే, నా కళ్ళ ముందు.

"పేరుంది మామ్మా. పేరు పక్కన పార్టీ గడే ఖాళీ," అంది బల్ల దగ్గరమ్మాయి.

"యాభై ఏళ్ళుగా ఓటేస్తున్నా. ఎవడి జేబులో మనిషినీ కానని ఆ గడి ఖాళీగా వదిలేశా. తప్పా?"

"ఇది పార్టీ లోపలి ఎన్నిక. పార్టీ రాయించుకునే గడువు ఫిబ్రవరి పద్నాలుగుతోనే అయిపోయింది. నవంబర్లో రండి."

నవంబరు! మా పేటలో ఏళ్ళ తరబడి ఒకే పార్టీ గెలుస్తోంది. జూన్‌లో ఆ పార్టీ ఎవరిని నిలబెడితే వాళ్ళే నగర కౌన్సిల్ సభ్యులు. నవంబరు ఉత్త తంతు.

ఫిబ్రవరిలో మా బిల్డింగులో ఇళ్ళకు వేడి పంపే బాయిలర్ తొమ్మిది రోజులు ఆగిపోయింది. నాలుగో అంతస్తు ముసలాయన ఒస్వాల్దో తెహేదా కోటు వేసుకునే, మంచంలో బిగుసుకుపోయి చనిపోయాడు. పద్దెనిమిదో తేదీ. బిల్డింగు యజమానికి ఆప్తుడైన ఆ పార్టీ కౌన్సిల్ సభ్యుడు ఫారెల్ అటువైపు తొంగి చూడలేదు. శవం కిందికి దిగిన రోజునే, నాతోపాటు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే యుదెల్కా, "వాడి మీద నేనే నిలబడతా," అంది. మేమంతా చప్పట్లు కొట్టాం. గడువు దాటి అప్పటికి నాలుగు రోజులైందని ఒక్కరికీ తెలియదు.

జిమ్‌లో మామ్మ వెనక లాండ్రీ వాళ్ళే ముప్పై మంది. సగం మందికి అదే జవాబు.

"ముసలాడు చచ్చేది ముందే తెలిస్తే ముందే రాయించుకునేవాళ్ళం కదమ్మా!" అని అరిచింది లాండ్రీలో మా పని చూసే ఫోర్‌వుమన్ బ్లాంకా.

"రూలు నేను పెట్టలేదక్కా," అంది ఆ అమ్మాయి, కళ్ళనీళ్ళతో.

"నీ మీద కోపం లేదే తల్లీ," అని మామ్మ జిమ్ నేల మీద చతికిలబడింది. "నా ఓటు పడేదాకా లేవను."

ఆవిడ పక్కన బ్లాంకా. తర్వాత నేను. తర్వాత ఎంతమందో. ఓటున్నవాళ్ళకు దారి వదిలి, గోడ వారగా కూర్చున్నాం. పోలీసులొచ్చి మామ్మను రెక్కలు పట్టి లేపారు. ఆవిడతోపాటు ఏడుగురిని తీసుకుపోయి, సాయంత్రానికి వదిలారు.

తొంభై ఏడు ఓట్ల తేడాతో యుదెల్కా ఫారెల్ చేతిలో ఓడిపోయింది. మా రెండు వీధుల్లోనే వెనక్కి పంపినవాళ్ళు మూడొందల పైమాట. ఆ లెక్క విని యుదెల్కా మా బిల్డింగు మెట్ల మీద కూలబడి, "ఒస్వాల్దోకి ఏం చెప్పను?" అని గుండెలు బాదుకుంది.

"చెప్పేదేముంది, పార్టీ వాళ్ళది, తాళం వాళ్ళది. ఇంక పోదాం పదండి," అన్నాడు లాండ్రీ బండి డ్రైవర్ కోఫీ.

"ఎక్కడికి పోతావురా, ఇంకో బిల్డింగు ఉందా నీకు?" అంది మామ్మ. "ఇవాళే ఆ గడి నింపుదాం, పైసారికి పనికొస్తుంది. రేపు మాత్రం ఆ ఫారెల్ కళ్ళల్లోకి చూద్దాం."

మర్నాడు మధ్యాహ్నం ఫారెల్ ఒక హోటల్లో విజయోత్సవ భోజనం పెట్టాడు. పని మానేసి రెండొందల మందిమి వెళ్ళి కిటికీల ముందు నిలబడ్డాం. ఫారెల్ గుమ్మంలోకి వచ్చి నవ్వాడు. "ప్రజలు తీర్పిచ్చేశారమ్మా."

"ఎర్నెస్టీన్ బోల్డెన్," అంది మామ్మ. "నన్నడగలేదు."

"బ్లాంకా ఉరేన్యా. నన్నడగలేదు!"

"కోఫీ అడాన్సీ. నన్నడగలేదు!"

ఫారెల్ తలుపు వేయించాడు. మేం ఆగలేదు. ఒక్కొక్కరూ పేరు చెబుతూనే ఉన్నాం. తెరిచిన కిటికీల్లోంచి లోపలంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది. పళ్ళెంతో నిలబడ్డ వడ్డించే పిల్ల మా మూడో అంతస్తుదే. పళ్ళెం ఫారెల్ ముందు దింపింది. ఏప్రన్ విప్పి దాని పక్కనే పెట్టింది.

"మారిసోల్ కింతెరో," అంది గట్టిగా. "నన్నూ అడగలేదు."

తలుపు తీసుకుని బయటికి, మా వరసలోకి వచ్చింది.