సగటులో కలిసిపోయిన పొర

మా అక్క వాళ్ల వీధిలో సగం ఇళ్లు మా బావ చేతి మీదుగా లేచినవే. దారం కట్టి చూసుకోకుండా ఒక్క వరస కూడా కట్టని మేస్త్రి ఆయన. అలాంటి మనిషి కట్టిన గోడలు ఏడాది తిరక్కుండా ఒకదాని వెనక ఒకటి బీటలు వారాయి.

"సిమెంటు మింగేసి ఉంటాడు," అన్నారు జనం. ఊరి పక్కనే బావులు తవ్వి గ్యాస్ తోడుతున్న కంపెనీ వాళ్లు వచ్చి ఫోటోలు తీసుకుని, కట్టుబడిలో లోపమని కాగితం రాసిచ్చి వెళ్లారు.

ఆ కంపెనీలోనే నా ఉద్యోగం. గ్యాస్ తోడే కొద్దీ అడుగున రాయి అణిగి, పైన నేల కుంగుతుంది. రెండు కిలోమీటర్ల లోతు బావిలో, ఇనుప గొట్టం వెనక, సిమెంటులో పొడవునా ఒక గాజు తీగ పాతి ఉంది. దాంట్లోకి వెలుగు పంపితే, ఏ లోతులో రాయి ఎంత నొక్కుకుందో తిరిగొచ్చే వెలుగు చెబుతుంది. పన్నెండు మీటర్ల మందమున్న పొర ఒకటి మేం అనుకున్నదానికి మూడింతలు అణిగిందని, మొదటి బీట కనిపించకముందే చూశాను.

"తీగ మొత్తానికీ సగటు తీసి రాయమ్మా," అన్నాడు మేనేజరు. "ఒక్క పొర కోసం ఊరంతా గగ్గోలు పెట్టిస్తావా?"

"సగటు తీస్తే ఆ పొర కనిపించదు సార్."

"కనిపించకపోతే మంచిదేగా."

సగటే రాసి రిపోర్టు మీద సంతకం పెట్టాను. ఆ నెలలోనే నన్ను పర్మినెంటు చేశారు.

బావను పనికి పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి వంటగది గోడ బీటలో వేలు పెట్టి నిలబడి ఉన్నాడు.

"ఎక్కడ తప్పు చేశానో అంతు చిక్కడం లేదు మరదలా. ఇసుకలో ఉప్పుందేమో. పునాది లోతు చాల్లేదేమో."

ఇక ఉండబట్టలేకపోయాను. పొరలవారీ గ్రాఫులు తీసుకెళ్లి, ఇళ్ల బీటల మీద ప్రభుత్వం వేసిన విచారణ అధికారి ముందు పెట్టాను. కంపెనీ వకీలు నా పాత రిపోర్టు పైకెత్తాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

వెనక ఎవరో నవ్వారు. నా ఉద్యోగం ఊడింది. బీటలకు కారణం నేల కుంగడమేనని మాత్రం అధికారి రాసిచ్చాడు.

ఆ కాగితం పట్టుకుని పరుగున వెళ్లాను. బావ రెండుసార్లు చదివాడు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఏడాదిన్నర అవుతుంది బావా."

"అంటే, ఈ గోడ పగలగొట్టి నేను మళ్లీ కడుతుంటే, తెలిసే ఇక్కడ కూర్చుని టీ తాగావన్నమాట."

అక్క నా వైపు చూడలేదు. బావ చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచాడు. తనను నిందించిన ప్రతి ఇంటి తలుపూ తట్టి కాగితం చూపించాడు. ఎవరూ కాదనలేదు. పనికి రమ్మని కూడా అనలేదు. కుంగుతుందని తేలిన నేల మీద కొత్త గోడ ఎవరు కట్టించుకుంటారు?