ముదురుపాకం ఫొటో

పొద్దున్నే స్టూడియో షట్టరు ఎత్తగానే త్రినాధరావు చేసే మొదటి పని ఎదురుగా సోడా కొట్టుకి వెళ్లి ఐసుముక్క తెచ్చుకోవడం. ఫిల్ము కడిగే మందునీళ్లు చల్లగా ఉండాలి. అనకాపల్లి ఎండల్లో కుళాయి నీళ్లతో కడిగితే ఫిల్ము పులుసైపోతుంది. సోడా కొట్టు కాసులమ్మ ఐసుని సుత్తితో పగలగొడుతూ రోజూ ఒకటే అడుగుతుంది.

"ఇయ్యాల ఎవర్ని ఒండుతున్నారు బాబూ?"

"ఎవరొస్తే వాళ్లని," అంటాడాయన.

ఊళ్లో మిగతా స్టూడియోలు ఎప్పుడో రంగుల్లోకి, ఆ తరవాత కంప్యూటర్లలోకి వెళ్లిపోయాయి. పెళ్లిళ్లకి డ్రోన్లు ఎగరేస్తున్నారు. ఆ మధ్య గవరపాలెంలో ఒక పెళ్లిలో డ్రోను పందిరి తాటాకుల్లో ఇరుక్కుంటే, దాన్ని దింపే హడావిడిలో పురోహితుడితో సహా అందరూ ముహూర్తం మరిచిపోయారట. అది వేరే సంగతి. త్రినాధరావు మాత్రం నలుపు తెలుపు ఫిల్ము వదల్లేదు. ఆయన మొండితనం ఒక కారణం. మసకేసిన వాళ్లకి ఆయన తప్ప దిక్కులేకపోవడం అసలు కారణం.

మసకేయడమంటే మనిషి వెలిసిపోవడం. ఇంట్లో ఎవరూ ఏదీ అడక్కపోతే, అడిగినా "మీ ఇష్టం" అని అని అలవాటైపోతే, కొందరు ఉతికి ఉతికి పాతబడ్డ చీరలా తయారవుతారు. ముందు నీడ పోతుంది. తరవాత వాళ్లలోంచి వెనకున్న గోడ కనబడుతుంది. మిగతా ఊళ్లలో చత్వారం వచ్చినట్టే ఇక్కడ ఇదీ వస్తుంది. దీనికి డాక్టరు దగ్గరికి ఎవరూ వెళ్లరు. అయితే సెల్ ఫోనులో వీళ్లు పడరు. ఫొటోతో పని పడినప్పుడు త్రినాధరావు బల్ల మీద తేల్తారు.

ఆయన చేసేదేమిటంటే, నాలుగు వందల స్పీడు ఫిల్ముని కెమెరాలో వేసి, ఇది పదహారు వందలదని కెమెరాకి అబద్ధం చెబుతాడు. కెమెరా అది నమ్మి, వెలుగుని పిసినారిలా లోపలికి వదులుతుంది. అలా అర్ధాకలితో ఉన్న ఫిల్ముని మందునీళ్లలో మామూలు కంటే ఎక్కువసేపు ఉంచుతాడు. నలుపులు కాటుకలా దిగుతాయి, తెలుపులు సున్నంలా లేస్తాయి, మధ్యలో బూడిదరంగులన్నీ ఎగిరిపోతాయి. కెమెరా పుస్తకాల్లో దీన్ని పుష్ ప్రాసెసింగ్ అంటారు. ఇది బెల్లం వండే సీమ కాబట్టి ఇక్కడ ముదురుపాకం అంటారు.

లోపల ఫిల్ము ముదురుతున్నంతసేపూ, ఫొటో దిగిన మనిషి బయట బల్ల మీద కూర్చోవాలి. అక్కడ ఫిల్ము ముదిరినకొద్దీ ఇక్కడ మనిషీ ముదురుతాడు. దేముడని ఒక పెళ్లిళ్ల మధ్యవర్తి ఉండేవాడు. నోట్లో తేనె పోసుకుని మాట్లాడేవాడు. మసకేస్తే ముదురుపాకం ఫొటో దిగాడు. ఆ మర్నాడే ఒక పెళ్లివారింట్లో, "కుర్రాడికి బట్టతల, వాళ్లమ్మకి నోటి దురుసు," అని చెప్పేశాడు. ఆ వృత్తి అంతటితో సరి. ఇప్పుడు సిమెంటు కొట్లో లెక్కలు చూస్తున్నాడు. అక్కడ బాగానే ఉన్నాడు.

మాకవరపాలెం సత్తియ్య ఒకరోజు మోటారుసైకిలు మీద వచ్చాడు.

"మామా, మా మరదల్ని తెచ్చేను. అర్జంటుగా ఫొటో కావాల."

త్రినాధరావు అతని వెనక్కి చూశాడు. "ఏదీ?"

"అదిగో, కేలండరు ముందు నిలుచుంది కదేటి!"

నిజమే. కేలండరులో ఆదివారాలు ఆవిడ మెడలోంచి ఎర్రగా కనిపిస్తున్నాయి. ఆవిడ పేరు గంగాభవాని. సత్తియ్య తమ్ముడి భార్య. తమ్ముడు పోయాక చెరుకు మడీ, దాని పక్కనే బెల్లం వండే పాకా ఆవిడే చూసుకుంటోంది. ఒళ్లంతా వెలిసిపోయినా, ముంజేతుల మీద పాకం చింది పడ్డ మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి.

సత్తియ్య చెప్పుకొచ్చాడు. లేఅవుట్ వాళ్లు వచ్చారు. రోడ్డు ముఖం గంగాభవాని మడికే ఉంది. అది కలవకపోతే వెనకున్న సత్తియ్య పొలం వాళ్లకి అక్కర్లేదు. కాగితాలు రాసే ఆయన ఆవిణ్ణి కూచోబెట్టి సెల్లుతో ఫొటో తీస్తే కుర్చీ ఒక్కటే పడింది. ఫొటో లేకుండా రిజిస్ట్రేషన్ అవదు.

"మడి అమ్మడం నీకిష్టమేనా అమ్మా?" అడిగాడు త్రినాధరావు.

"బావగారి ఇట్టం." ఆ గొంతు పక్కింట్లోంచి వచ్చినట్టుంది.

"ఇన్నావు కదా! కానియ్యి మామా. బాగా నల్లగా రావాల. మల్లీ ఆ కాగితాలాయన కంటికి ఆనట్లేదంటే నా వల్ల కాదు."

సత్తియ్య జన్మంతా తెల్లబెల్లం మనిషి. బెల్లం పెనం దగ్గర నిలబడి "దింపీండి, దింపీండి, నల్లబడిపోద్ది" అని అరవడమే ఎరుగును. అలాంటివాడు అవతల లేఅవుట్ వాళ్ల తొందర చూసి, "ఇంకా ముదరెట్టు," అంటున్నాడు.

"పదహారు వందలు చాలు అల్లుడూ. అంతకి మించి ఎవరికీ చెయ్యలేదు."

"ముప్పై రెండు వందలని సెప్పు. కెమెరాకే కదా అబద్దం సెప్తావు, నీ సొమ్మేటి పోద్ది?"

ఇంతలో లేఅవుట్ వాళ్ల ఫోను వస్తే మాట్లాడుకుంటూ రోడ్డు మీదకి వెళ్లాడు. త్రినాధరావు స్టూలు సర్ది, దీపం తిప్పి, ఆవిణ్ణి కూర్చోబెట్టాడు.

"ముందే చెబుతున్నానమ్మా. ఇందులో మధ్యరంగులు పోతాయి. మళ్లీ రావు."

"పోతే ఏటవుద్ది బాబూ?"

"అవును, కాదు తప్ప మధ్యలో మాటలు నోటికి రావు. పరవాలేదు, చూద్దాం, మీ ఇష్టం, ఇవన్నీ పోతాయి. చుట్టాలకి కష్టం. నీకూ కష్టమే. వద్దంటే మామూలుగా తీస్తాను, ఫొటో సరిగ్గా పడదు, అంతే."

గంగాభవాని ముంజేతి మీద మచ్చని బొటనవేలితో రుద్దుకుంది.

"ముదరనీండి," అంది. "ఎంత ముదిరినా నా సేతిలో పాకం ఎప్పుడూ అడుగంటలేదు."

ఆయన కెమెరా మీటరు ముప్పై రెండు వందల దగ్గర పెట్టి ఫొటో తీసి, డార్క్ రూము తలుపు వేసుకున్నాడు.

బయట కాసులమ్మ సోడాలు కొడుతూ చూస్తోంది. ముందు బల్ల మీద గంగాభవాని నీడ పడింది. తరవాత జుట్టు వచ్చింది, నలుపు ఒకవైపు, తెలుపు ఒకవైపు. ముక్కుపుడక మెరిసింది. మడమల పగుళ్లు కనబడ్డాయి. చివరికి కనుబొమలు దిగాయి, బొగ్గుతో గీసినట్టు.

"ఆ, ఇప్పుడున్నావు," అని కాసులమ్మ నిమ్మసోడా తెచ్చిచ్చింది.

సత్తియ్య ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. "బెమ్మాండం! పద, ఆల్లు ఎదురు సూత్తన్నారు."

"సోడా తాగుతున్నాను."

"బండి మీద తాగొచ్చులే."

"రాదు," అంది గంగాభవాని. మొత్తం తాగి, సీసా కాసులమ్మకిచ్చి, అప్పుడు లేచింది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర కాగితాలు రాసే ఆయన, త్రినాధరావు ఇచ్చిన ఫొటోలు చూసి ముచ్చటపడి, రాసినదంతా గట్టిగా చదివాడు. "...నా ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతమూ లేకుండా విక్రయించడమైనది. అంతేనా అమ్మా?"

"కాదు."



"ఏటి కాదు?" అన్నాడు సత్తియ్య.

"నాకిట్టం నేదు. మడి అమ్మను."

"ఇన్నాల్లూ మీ ఇట్టం, మీ ఇట్టం అన్నావు కదే!"

"మీ ఇట్టమేటో ఊరందరికీ తెలుసు బావగారూ. అదే అన్నాను. నా ఇట్టం మీరడగలేదు. ఫొటో బాబు అడిగేడు, ఇప్పుడీ బాబు అడిగేడు."

సత్తియ్య అరిచాడు, బతిమాలాడు, పోయిన తమ్ముణ్ణి తలుచుకుని కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఇదివరకైతే ఆ కన్నీళ్లు చూసి ఆవిడ "సర్లెండి" అనేది. ఆ మాట కోసం నోట్లో వెతుక్కుంది కూడా. దొరకలేదు.

సాయంత్రానికి అతను మళ్లీ స్టూడియోలో ఉన్నాడు.

"మామా, కూసింత లేత చెయ్యి. కూసింతే."

"బెల్లం దిమ్మ పిండితే చెరుకు రసం వత్తాదేటి అల్లుడూ?" అని త్రినాధరావు ఫిల్ము ముక్కలు సర్దుకున్నాడు.

చుట్టాలు ఒక్కొక్కరే గంగాభవానికి చెప్పి చూడ్డానికి వెళ్లారు. ఆవిడ అందరికీ మజ్జిగిచ్చింది, తాగాక "ఎల్లండి," అంది. మంచిగా చెప్పడం ఆవిడకి నిజంగానే పోయింది. సొంత చెల్లెలు కొత్త చీర కట్టుకొచ్చి "ఎలాగుందే?" అంటే, "బాగులేదు," అంది. చెల్లెలు ఏడుస్తూ వెళ్లిపోయింది. ఆ రాత్రి గంగాభవాని కూడా అన్నం తినలేదు. కానీ మర్నాడు పొద్దున్నే గడ్డపార పట్టుకుని మడిలోకి దిగింది.

లేఅవుట్ వాళ్లు బేరం కుదిరిపోయిందనుకుని చెరుకు మొదళ్ల మధ్య తెల్లరంగు వేసిన హద్దురాళ్లు పాతేసి ఉన్నారు. సత్తియ్యకి కబురందింది. పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ కొన్ని పీకి పాక దగ్గర చేరవేసింది.

"ఏటే సేత్తన్నావు?"

"పెనం కింద పొయ్యి కట్టుకుంటున్నాను. పాతది కుంగిపోయింది."

"అయి లేఅవుట్ వోల్ల రాల్లు!"

"నా మడిలో మొలిసేయి. నావే," అని గంగాభవాని గడ్డపార ఎత్తింది. "జరగండి బావగారూ, ఇంకో రాయి మీదే నిలబడ్డారు."