హాల్లో ఉన్న ఒక్క ప్లగ్గు

ఇస్త్రీపెట్టె వేడెక్కాలంటే బోర్డు ఆరిపోవాలి. ఆ హాల్లో కిటికీ పక్క ప్లగ్గు ఒక్కటే గట్టిగా పట్టేది. మిగతా రెంటినీ ఫ్రిజ్జూ టీవీ ఏళ్ళ కిందటే సొంతం చేసుకున్నాయి. ఆమె కొనుక్కొచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్సు భర్త గదిలోకి వెళ్ళి, వెళ్ళింది వెళ్ళినట్టే అక్కడ ఉండిపోయింది. అందుకని రోజూ పొద్దున్నే తన చేత్తోనే బోర్డు తీగ పీకి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, మళ్ళీ తగిలించేది. పీకిన ప్రతిసారీ బోర్డు మీద నడుస్తున్న పరీక్ష మొదటికొచ్చేది.

బోర్డంటే అరచేతంత ఉంటుంది. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి రోగి నరంలోకి చుక్కచుక్కగా మందెక్కించే యంత్రానికి అది బుర్ర. నర్సు మీటలు నొక్కితే అంకెలు సన్నటి తీగ వెంట సీరియల్ పోర్టులోకి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వచ్చినదాన్ని వచ్చినట్టే అందుకోవడం ఆమె రాసిన డ్రైవర్ అనే ప్రోగ్రాం పని. అందుకునేలోపు రెండోది వచ్చి పడిందా, మొదటిది ఇక లేనట్టే. ఆ యంత్రంలో ప్రతి పనికీ ఒక హోదా, ఒక గడువు. గడువు దాటి చేసిన పని చెయ్యని పని కిందే లెక్క. అలాంటిచోట ఎప్పుడో, ఏ పూటో తెలియకుండా, ఒక అంకె మాయమయ్యేది. నూట ఇరవై కాస్తా పన్నెండైపోయేది.

ఆమె తీగ మార్చింది. వేగం తగ్గించింది. అంకెలు నిలవుండే చోటు పెంచింది. ఏం జరుగుతోందో చూద్దామని ప్రోగ్రాం చేత అడుగడుగునా సందేశాలు రాయిస్తే, ఆ కాస్త ఆలస్యానికే తప్పు మొహం చాటేసేది. అవి తీసేస్తే మళ్ళీ వచ్చేది. తెరమీద బొమ్మలు గీసే పని మీద ఆమెకు అనుమానం. గీస్తున్నంతసేపూ ఇంకెవరి పిలుపూ వినపడకుండా అది తలుపులు మూసేసుకుంటోందని. కానీ ఆ ప్రోగ్రాం రాసింది టీమ్ లీడ్. అనుమానాలు తనకొద్దనీ, పట్టుకొచ్చి చూపించమనీ అన్నాడు. సోమవారం దాకా చూసి వేరేవాళ్ళకి అప్పజెబుతానన్నాడు. "ఇంట్లో బాధ్యతలున్నవాళ్ళని ఇబ్బంది పెట్టడం నాకూ ఇష్టం లేదండీ." కోప్పడి ఉంటే బాగుండుననిపించింది ఆమెకి.

బాధ్యతలంటే అత్తగారు. ఆవిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాక, "నీది కూచుని చేసే పనేగా, ఇంట్లోంచి చేసుకో. నాది అలా కుదరదు," అన్నాడు భర్త. కుదుర్చుకుంది. అప్పటినించి ఇంట్లో అందరికీ ఆమె ఖాళీగా ఉన్న మనిషే. గ్యాసు వచ్చినా ఆమే, గంట మోగినా ఆమే, అత్తగారి దిండు జారినా ఆమే. పిలిచినప్పుడల్లా తలలో అల్లుకున్నదంతా వదిలేసి లేచేది. తిరిగొచ్చి కూచుంటే ఎక్కడ ఆపిందో గుర్తుండేది కాదు. ఒక ఆలోచన చివరంటా వెళ్ళి ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలియదు. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, ఒకప్పుడు తనకి వచ్చిన పని ఇప్పుడు రావడం లేదేమోనన్న భయం ఎక్కువ పట్టుకుంది. ఈ ఒక్క తప్పూ పట్టుకుంటే ఆ సంగతి తేలిపోతుంది.

చివరికి ఒక వల పన్నింది. అంకె పోయిన క్షణాన యంత్రం ఎక్కడిదక్కడ బిగుసుకుపోవాలి, ఆ క్షణాన తలుపులు మూసింది ఎవరో జ్ఞాపకంలో నిలవాలి, ఎర్రలైటు వెలగాలి. కరెంటు ఉన్నంతసేపే ఆ జ్ఞాపకం. వారానికి సరిపడా చొక్కాలు ముందే ఇస్త్రీ చేసి వరసగా తగిలించింది. ప్లగ్గు మీద 'తీయవద్దు' అని కాగితం అంటించింది. "ఇదేమన్నా బాంబా?" అని నవ్వాడు భర్త.

శనివారం పొద్దున అత్తగారి స్నానానికి రెండో బకెట్టు వేణ్ణీళ్ళు మోసుకెళ్తూ హాల్లోకి తొంగిచూసింది. ఎర్రలైటు వెలుగుతోంది.

బకెట్టు అక్కడే దించేసి పరుగెత్తబోయింది. లోపల అత్తగారు స్టూలు మీద ఒళ్ళంతా సబ్బుతో కూచుని, చలేస్తోందమ్మా అంటున్నారు. లైటెక్కడికీ పోదులే అనుకుంది. నీళ్ళు పోసింది, వీపు రుద్దింది, తుడిచింది, చీర చుట్టింది. ఆ కాసేపూ ఆమె మొహంలో ఏం కనిపించిందో గాని, "ఏమ్మా, ఇవాళ హుషారుగా ఉన్నావు?" అన్నారావిడ.

చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి హాలంతా వేడిబట్ట వాసన. భర్త నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. స్నేహితుడింటికి భోజనానికి వెళ్ళాలి. తగిలించిన చొక్కాల్లో నీలంది లేదు.

"చూశావా, నేనే చేసుకుంటున్నా. నువ్వు అమ్మ దగ్గరున్నావు కదా, పిలవడం ఎందుకని."

ఆమె బోర్డు వంక చూసింది. ఏ లైటూ లేదు.

"జాగ్రత్తగానే తీశాలే, ఏం విరగలేదు. ఒక్క నిమిషం, అవగానే పెట్టేస్తా."

లోపల్నించి అత్తగారు, వాడికలవాటు లేదమ్మా, చెయ్యి కాల్చుకుంటాడు చూడు, అంటున్నారు. ఆయన ఆమె మొహంలోకే చూస్తున్నాడు, పరీక్ష పాసయినవాడిలా. పెళ్ళయినన్నేళ్ళలో ఆయన ఇస్త్రీపెట్టె ముట్టుకున్నది ఈ ఒక్కరోజే. ఇప్పుడు ఏమన్నా, సాయం చేయబోతే నోరు చేసుకుందన్న మాటే మిగులుతుంది. కాలర్ ముడతలు ముడతలుగానే ఉంది. ఆమె చెయ్యి దానంతటదే వెళ్ళి ఇస్త్రీపెట్టె అందుకుని కాలర్ సరిచేసి ఇచ్చింది. ఆయన తొడుక్కుని వెళ్ళిపోయాడు.

వల మళ్ళీ పన్నింది. సోమవారం దాకా లైటు వెలగలేదు. దొరికినట్టే దొరికి చేజారిందని చెబితే లీడ్ నవ్వలేదు, పాపం అన్నాడు. ఇంకొకరికి అప్పజెప్పాడు. వాళ్ళు వెతకలేదు, అంకె రాకపోతే రెండోసారి అడిగేలా రాశారు. రెండోసారిదీ పోతే అని ఆమె అడిగింది. అలా జరగదండీ అన్నారు. దొరకని తప్పు లేని తప్పుగా చెలామణి అయిపోయింది. రేపు ఆ యంత్రం ఎవరో ఒకరి మంచం పక్కన నిలబడుతుంది. ఆమెకి నివేదికలు సరిచూసే పని ఇచ్చారు. ఎన్నిసార్లైనా మధ్యలో లేవచ్చట. ఆఫీసునించి మనిషొచ్చి బోర్డు సంచిలో వేసుకుపోయాడు.

మర్నాడు పొద్దున భర్త బనీనుతో హాల్లోకొచ్చాడు. "చొక్కాలేవీ? ఇప్పుడు ప్లగ్గు ఖాళీయే కదా."

బల్లమీద దుమ్ములో బోర్డు ఉన్నంత మేర శుభ్రంగా ఉంది. ఆమె దాని ముందు కూచుని ఉంది.

"మొన్న మీరే చేసుకున్నారుగా," అంది.

హాస్యమనుకుని నవ్వాడు. ఆమె లేవకపోయేసరికి ఇస్త్రీపెట్టె తనే తగిలించి, చొక్కా పరిచి, కాలర్ ఎటునించి మొదలుపెట్టాలని అడిగాడు.

ఆమెకు తెలుసు. చెప్పలేదు.